స్టేషనే సత్రమైన రోజులు

రైల్వే స్టేషన్లో పడుకోవడానికి మనిషి డబ్బు కట్టి, పడుకున్న మంచానికి ఫొటో తీసి నలుగురికీ పంపుకునే కాలమొస్తుందని మా రోజుల్లో ఎవరన్నా అంటే, పాపం ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాళ్ళం. ఆ కాలం వచ్చేసింది. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా మనవడు ఆ మధ్య పెళ్ళాన్ని తీసుకుని ససెక్స్ వైపు పెట్‌వర్త్ అనే ఊరి దగ్గర పాత స్టేషన్లో దిగాడు. 1890ల్లో చెక్కతో కట్టిన చిన్న స్టేషన్. దాని ముందు ప్రయాణికుల బండి ఆగడం 1955లోనే అయిపోయింది. తర్వాత దాన్ని బాగుచేసి గదులు చేశారు, పక్కన పాతకాలపు పుల్‌మన్ రైలు పెట్టెలు తెచ్చి నిలబెట్టి వాటిలోనూ మంచాలు వేశారు. రాత్రి బస, పొద్దున ఫలహారం, రెండిటికీ కలిపి ఒకటే అద్దె. ఆ దేశంలో బీచింగ్ అనే పెద్దమనిషి 1963లో నివేదిక రాసి, నష్టాలొస్తున్నాయని రెండు వేలకు పైగా స్టేషన్లు మూసెయ్యమన్నాడు. మూసేసింది వాళ్ళే, ఇప్పుడు వాటిలో ఒక రాత్రి పడుకోవాలని ముచ్చటపడేదీ వాళ్ళే.

వాడు ఆ పెట్టె లోపలి దీపాలు, నగిషీ చెక్క, దుప్పటి మడతలు అన్నీ ఫోన్లో తిప్పి తిప్పి చూపించి, "తాతయ్యా, మన దగ్గర ఇలాంటివి లేవు కదా" అన్నాడు.

లేవా? ఒరే అబ్బాయ్, ఆ ఇంగ్లీషువాళ్ళు ఇప్పుడు చేసిన పని మన కొత్తగూడెం స్టేషన్ బండి నడుస్తుండగానే చేసింది. వాడికి అప్పుడు చెప్పలేకపోయాను, సిగ్నల్ పోయింది. అందుకని ఇది చదువుతున్న నీకు చెబుతున్నాను, నీ ఈడు వాళ్ళందరికీ కలిపి చెబుతున్నాను. చెవుల్లో దోపుకున్నవి తీసి వినండి.

మా ఖమ్మం వైపు వాళ్ళకి తప్ప బయటివాళ్ళకి ఆ స్టేషన్ సంగతి అంత తొందరగా అర్థం కాదు. బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది. దిగితే ఉండేది కొత్తగూడెం. రాముడున్న ఊరు ఇంకా నలభై కిలోమీటర్లు, పాల్వంచ దాటి, అడవి దాటి, గోదావరి దాటి. ఎందుకంటే ఆ పట్టాలు దేవుడి కోసం వేసినవి కావు, బొగ్గు కోసం వేసినవి. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాఖ ఆయన ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు సంపాదించింది. వరంగల్ మీదుగా దిగివస్తున్న నిజాం రైలు డోర్నకల్ చేరి, అక్కణ్ణుంచి ఇల్లెందు బొగ్గు బాయిలకి ఒక కొమ్మ వేసుకుంది. తర్వాత కారేపల్లి నుంచి ఇంకో కొమ్మ కొత్తగూడెం దాకా పోయింది. బొగ్గు ఎటు పాకితే పట్టాలు అటు పోయాయి. ఆ పట్టాల మీదే యాత్రికులూ వచ్చారు. వ్యాగన్లు ఖాళీగా వచ్చి నిండుగా పోయేవి, మేము కోరికలు మోసుకొచ్చి ప్రసాదం పట్టుకుపోయేవాళ్ళం.

డోర్నకల్ నుంచి కొత్తగూడేనికి యాభై చిల్లర కిలోమీటర్లు. ఇప్పుడు మీరు కారులో పాట మార్చేలోపు అయిపోతుంది. అప్పుడు ఆ ప్యాసింజరు బండి కారేపల్లిలో ఆగేది, బేతంపూడిలో ఆగేది, తడికలపూడిలో ఆగేది, బొగ్గు బండికి దారివ్వడానికి ఇంకెక్కడెక్కడో ఆగేది. ఎందుకాగిందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. దిగి వేపపుల్ల విరుచుకునే టైముండేది. మోదుగుపూల కాలమైతే అడవంతా ఎర్రగా కనపడేది, ఇప్పపూల కాలమైతే కిటికీ తీసిపెట్టుకుంటే ఆ తియ్యటి వాసన పెట్టెలోకి వచ్చేది. తునికాకు కట్టలతో, వెదురు తట్టలతో కోయవాళ్ళు సంతకి పోతూ ఎక్కేవాళ్ళు. వాళ్ళ పిల్లలు మా వైపు చూసేవాళ్ళు, మేము వాళ్ళ వైపు చూసేవాళ్ళం, రెండు స్టేషన్లు పోయేసరికి ఒక జామకాయ ఇటు వచ్చేది, ఒక జంతిక అటు పోయేది. ఇప్పుడు మీ బోగీల్లో ఎదురు సీటు వాడి మొహం చూడకుండా సికింద్రాబాద్ దాకా పోతారు.

ఆ బండి కొత్తగూడెం చేరేసరికి చీకటి పడేది. చీకటి పడ్డాక అడవి దారిలో బస్సు లేదు. బస్సు పొద్దున్నే. కాబట్టి ఎంత గొప్ప మొక్కున్నవాడైనా ఆ రాత్రి స్టేషన్లో పడుకోవాల్సిందే. నేను చెప్పదలచింది ఈ రాత్రి గురించే. అదొక ఏర్పాటుగా ఎవరూ పెట్టింది కాదు, టైంటేబులూ అడవీ కలిసి పెట్టిన బస. దానికి అద్దె లేదు. జేబులో ఉన్న ఆ చిన్న అట్ట టికెట్టే గది తాళం. వెయిటింగ్ హాల్లో బెంచీలు ముందు వచ్చినవాళ్ళవి, నేల తర్వాత వచ్చినవాళ్ళది, నవమి రోజుల్లో ప్లాట్‌ఫారం అందరిదీ. హోల్డాలు విప్పితే పరుపు, చుడితే సామాను. మరచెంబు తలాపున. చెప్పులు మూట కింద. గోడవారగా ఆడవాళ్ళు, వాళ్ళకి అడ్డంగా పిల్లలు, చివర్న కాపలాకి మగవాళ్ళు.

పడుకున్నాక మొదటి ప్రశ్న "ఏ ఊరు?" రెండో ప్రశ్న "ఎవరింటి వాళ్ళు?" మూడో ప్రశ్నకి వచ్చేసరికి చుట్టరికం తేలేది. మధిరవాళ్ళు, బెజవాడవాళ్ళు, వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్ళు, బాయిలో రెండో షిఫ్టు దిగి సొంతూరి బండి కోసం కూచున్న కార్మికులు. కార్మికుడు బొగ్గు బాయి లోపల వేడి ఎట్లా ఉంటుందో చెప్పేవాడు, యాత్రికుడు తన మొక్కు సంగతి చెప్పేవాడు. పల్లెటూరి ముసలమ్మలు రామదాసు కథ ఎత్తుకునేవాళ్ళు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకి తహశీల్దారు అయిన సంగతి, వసూలు చేసిన శిస్తు పెట్టి గుడి కట్టిన సంగతి, తానీషా ఆయన్ని గోల్కొండ ఖిల్లాలో పెట్టిన సంగతి. అందరికీ తెలిసిన కథే, ప్రతి రాత్రీ కొత్తగా వినేవాళ్ళు. తెల్లారితే పోబోయేది ఆ గుడికే కదా. దారిలో విన్న కథ గుళ్ళో కళ్ళకి కనపడుతుంది. మీరు ఇప్పుడు దర్శనం టికెట్ ఫోన్లో తీసుకుని, కారు దిగి, క్యూలో నిలబడి, దండం పెట్టి, మళ్ళీ కారెక్కి, మధ్యాహ్నం భోజనానికి పాపికొండల లాంచీ దగ్గరుంటారు. గోపన్న జైలు గురించి ఎవరు చెబుతారు మీకు, ఎప్పుడు చెబుతారు?

నిద్రా? నిద్ర పట్టేది కాదు, నిజమే. యార్డులో రాత్రంతా వ్యాగన్లు ఢీకొంటూనే ఉండేవి. ఇంజను నీళ్ళు పట్టుకునే చప్పుడు, షంటింగ్ వాళ్ళ ఈలలు, వేలాడదీసిన పట్టా ముక్క మీద సుత్తితో కొట్టే గంట. పొద్దున లేచి మొహం కడిగితే నీళ్ళు నల్లగా పోయేవి. తెల్ల పంచె కట్టుకుని రాముడి దగ్గరికి బయల్దేరినవాడు బూడిద రంగు పంచెతో చేరేవాడు. కానీ ఆ చప్పుడులో ఒక ధైర్యం ఉండేది. అడవి అంచున, దీపాలు లేని కాలంలో, ఎక్కడో ఒక మనిషి మేలుకుని లాంతరు పట్టుకుని తిరుగుతున్నాడని తెలిసేది.

అసలు సిసలు బస, ఫలహారం చూడాలంటే మా మేనమామ వెంట పోవాలి. ఆయన గార్డు. ఇల్లు డోర్నకల్ రైల్వే కాలనీలో. పెద్ద రాతి గోడలు, పెంకుల కప్పు, చెక్క జాలీ కట్టిన వసారా, నడి వేసవిలో కూడా లోపల చల్లగా ఉండే క్వార్టరు. సెలవులకి మేము అక్కడే. సాయంత్రాలు ఆయన మమ్మల్ని నడిపించుకుంటూ అజరయ్య బిషప్‌గారి చర్చి దాకా తీసుకుపోయేవాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే, 1912లో. గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ ఒకే కప్పు కింద కలిపి కట్టించిన ఆ చర్చి ముందు నిలబడి, ఇది మన తెలుగు చర్చిరా అని మామయ్య గొప్పగా చెప్పేవాడు. అది వేరే కథ, రైలు దగ్గరికి వస్తాను.

గార్డులకీ డ్రైవర్లకీ పని దిగిన ఊళ్ళో పడుకోవడానికి రన్నింగ్ రూమని ఒక భవనం ఉండేది, ఇప్పుడూ ఉంటుంది. వరసగా మంచాలు, దోమతెరలు, వెనకాల వంటగది, వంటగదిలో వంటమనిషి. బియ్యం, పప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. మా అత్తయ్య వాటిని చిన్న చిన్న గుడ్డ మూటలు కట్టి గార్డు పెట్టెలో సర్దేది. ఆ పెట్టెలోనే ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, పట్టాల మీద పెట్టే డిటోనేటర్లు, వాటి పక్కన కందిపప్పు. మామయ్య బండి దిగి మూట వంటమనిషి చేతిలో పెట్టి స్నానానికి పోతే, వచ్చేసరికి అన్నం. ఎవరి పప్పు వాళ్ళకే వండాలి, ఎవరి ఉప్పు ఎంతో గుర్తుండాలి. ఆ వంటాయన కాగితం మీద ఒక్క ముక్క రాసుకునేవాడు కాదు. ఏ గార్డుకి పుల్లగా కావాలో, ఏ డ్రైవరుకి కడుపులో మంటో అన్నీ నోటికి వచ్చు. తెల్లవారుజామున బండి ఉంటే కాల్‌బాయ్ వచ్చి లాంతరు మొహం దగ్గర పెట్టి లేపి పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. యాభై ఏళ్ళ మనిషి, మీసాలు నెరిసినవాడు, అయినా కాల్‌బాయే. సంతకం అయ్యేసరికి గోధుమరవ్వ ఉప్మా, ఇత్తడి గ్లాసులో టీ సిద్ధం.

బయటివాళ్ళని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, నేను వసారా మెట్ల మీద కూచుని తిన్నాను. ఆ ఉప్మాలో జీడిపప్పు లేదు, నెయ్యి లేదు. అల్లం, పచ్చిమిరపకాయ, కాస్త బొగ్గు పొగ. ఆ తర్వాత ఎన్నో పెద్ద హోటళ్ళలో తిన్నాను, ఆ రుచి దగ్గరికి ఒక్కటీ రాలేదు. మా ఇంటావిడ ఈ మాట విన్నప్పుడల్లా మూతి తిప్పుతుంది. తిప్పనీ, ఉన్నమాట అది.

పొద్దున బస్సు సంగతికి వస్తే, మాకు బస్సన్నా ఉంది. మా నాన్న తరం ఎడ్లబండి కట్టుకుని పోయింది. వాళ్ళ రోజుల్లో గోదావరి దాటడమంటే రాజ్యం దాటడం. ఈ గట్టు నిజాముది, ఆ గట్టు ఇంగ్లీషువాళ్ళ మద్రాసుది. ఇక్కడ హాలీ సిక్కా చెల్లుతుంది, అక్కడ కల్దారు కావాలి. హుండీలో వెయ్యాల్సిన డబ్బు ముందే మార్చుకుని మూటగట్టుకునేవాళ్ళు. సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి వాళ్ళు మూటలు విప్పి చూసేవాళ్ళని మా నాన్న చెప్పేవాడు. భద్రాచలం తాలూకా మా ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. వంతెన 1965లో వచ్చింది, రాష్ట్రపతి రాధాకృష్ణన్‌గారు వచ్చి ప్రారంభించారు. అంతకుముందు సారపాక వైపు రేవులో దిగి పడవ ఎక్కాలి. పడవ మధ్యలోకి పోయాక గుడి గోపురం కనపడేది. అందరూ ఒక్కసారి లేచి నిలబడబోతే పడవవాడు కసిరి కూచోబెట్టేవాడు. వంతెన వచ్చాక గోపురం బస్సు కిటికీలోంచి కనపడింది. ఇప్పుడు పక్కన రెండో వంతెన కూడా ఉంది, కార్లు ఇంకా జోరుగా పోతాయి, లోపలున్నవాళ్ళు తలెత్తేలోపు అవతలి గట్టు. వరదలప్పుడు ఆ వంతెన ఎంత ముఖ్యమో నాకు తెలుసు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులు వచ్చినప్పటి సంగతులు ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోరు. వంతెనలు వద్దని నేననను. ఆగి చూడమంటున్నాను.

ఇక ఇప్పటి బసల సంగతి. పిల్లలు పట్టుబట్టి నన్నూ ఇంటావిడనీ ఈ అడవి అంచునే ఒక కొత్త విడిదికి తీసుకుపోయారు. పేరు చెప్పను. గదులకి రైలు పెట్టె ఆకారం, గోడకి పాత సిగ్నల్ దీపం, తలుపు మీద బండి నంబరు. దీపం వెలగదు, నంబరుకి బండి లేదు. లోపలికి పోగానే ఒక కుర్రాడు ఆధార్ కార్డు అడిగాడు, ఫోన్లో ఏదో నొక్కించుకున్నాడు, తాళానికి బదులు ఒక అట్టముక్క ఇచ్చాడు. ఏ ఊరని అడగలేదు. పక్క గదిలో ఎవరున్నారో రెండు రోజులూ తెలియలేదు. పొద్దున ఎనిమిది దాకా టిఫిన్ లేదు. ఎనిమిదింటికి పోతే గిన్నెలో పాలు, పాలలో మొక్కజొన్న అటుకులు, పక్కన కాల్చిన రొట్టె. ఇప్పచెట్ల మధ్య కూచుని, గోదావరికి కూతవేటు దూరంలో, అమెరికావాళ్ళ ఫలహారం. ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచి అడిగితే దగ్గరి కోయగూడెం వాడే. ఇంట్లో ఏం తిని వచ్చావని అడిగాను. జొన్న జావ అన్నాడు. అది నాకు పెట్టొచ్చు కదరా అంటే, మెనూలో లేదు సార్ అన్నాడు. వాడి తప్పు కాదు. వాడి ఇంటి తిండిని వాడి చేతే దాచిపెట్టించిన వాళ్ళ మీద నాకు కోపం.

మీరు వెనకబడి లేరు లెండి, దేశమంతా ఇదే వరస. ముంబయి సెంట్రల్ స్టేషన్లో 2021లో పాడ్ హోటల్ పెట్టారు, 48 అరలు, అరకొక మనిషి. కాచిగూడలో 2023లో పాత బోగీలని హోటల్ చేశారు, కూచుని బిర్యానీ తినొచ్చు. రిటైరింగ్ రూముల్ని ఇప్పుడు టికెట్ పీఎన్ఆర్ కొట్టి ఇంట్లోంచే గంటల లెక్కన తీసుకోవచ్చు. ఈ చివరిది మంచిపనే, నా మోకాళ్ళ మీద ఒట్టేసి చెబుతున్నాను. రైల్వేవాళ్ళు హోటల్ నడపడం కొత్తేమీ కాదు. పూరీలో సముద్రం ఒడ్డున బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టిన బీఎన్ఆర్ హోటల్ మా చిన్నతనానికే పాతది. అక్కడ దిగేది దొరలూ జమీందార్లూ. మా కొత్తగూడెం హాల్లో దిగేది మూట నెత్తిన పెట్టుకున్న ఎవరైనా. తేడా అంతా అక్కడే ఉంది. రైలు పేరుతో ఇప్పుడు మీరు కడుతున్న బసలన్నీ పూరీ హోటల్ దారిలో పోతున్నాయి, కొత్తగూడెం హాలు దారిలో ఒక్కటీ పోవడంలేదు.

మా ఇంటావిడ ఈ రాతంతా చదివించుకుని వింది. విని, "ఆ రోజుల్లో ఒక పెద్ద జంక్షన్లో ఆడవాళ్ళ గది దొడ్డి తలుపుకి గడియ లేదు, నీకు గుర్తుందా? మీరు బయట కబుర్లు చెప్పుకుంటుంటే నేను పసిదాన్ని ఒళ్ళో వేసుకుని తెల్లార్లూ ఆ తలుపుకి వీపు ఆనించి కూచున్నా" అంది. గుర్తుంది. కాదనను. ఫస్టుక్లాసు వెయిటింగ్ రూము తలుపు మూడో తరగతి టికెట్‌కి తెరుచుకునేది కాదు, అదీ గుర్తుంది. ఇంకా వెనక్కి పోతే హిందువులకో నీళ్ళకుండ, ముస్లింలకో నీళ్ళకుండ పెట్టిన కాలం. అడవి దోమలకి మలేరియా తెచ్చుకుని, తలంబ్రాలతో పాటు చలిజ్వరం ఇంటికి తీసుకుపోయిన కుటుంబాలు మా వీధిలోనే ఉండేవి. గడియ ఉన్న తలుపు, దోమ లేని గది, ఆడపిల్ల ఒక్కతే వచ్చి భయం లేకుండా పడుకునే మంచం, ఇవన్నీ ఇప్పుడు వచ్చాయి. రావాల్సినవే. అవి తెచ్చుకోవడానికి మనుషుల్ని అరల్లో విడివిడిగా పెట్టి తాళం వెయ్యాల్సిన పని మాత్రం లేదు.

నా అసలు బెంగ ఇది. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద మన వైపు ఖమ్మం, మధిర, భద్రాచలం రోడ్ స్టేషన్లకి కూడా శంకుస్థాపన జరిగింది. లిఫ్టులొస్తాయి, ఎస్కలేటర్లొస్తాయి, ముందు గుడి గోపురంలా కనపడే ముఖద్వారాలొస్తాయి. రానివ్వండి. కానీ సికింద్రాబాద్‌లో ఏమైందో చూశారుగా. 1874 నుంచి ఉన్న స్టేషన్, మూడు తరాలు ఆ కమానుల కింద నిలబడి టాంగా బేరమాడాయి. 2025లో ఆ పాత ముఖమంతా కూలగొట్టారు. టీవీలో ఆ జేసీబీని చూస్తూ నేను అన్నం కలుపుకుని తినలేకపోయాను. ఇంగ్లండువాడు బండి రాని చెక్క స్టేషన్ని కాపాడుకుని మంచం వేస్తే మీరు విమానమెక్కి పోయి పడుకుంటారు. బండి వస్తున్న పాత స్టేషన్ని మనం కూలగొట్టి, అడవిలో రేకుతో రైలు బొమ్మ కట్టి దానిలో పడుకుంటాం.

ఇంకోటి కూడా వస్తోంది. పాండురంగాపురం నుంచి భద్రాచలం మీదుగా ఒడిశాలో మల్కన్‌గిరి దాకా 173 కిలోమీటర్ల పైచిలుకు కొత్త లైను 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అది పూర్తయితే రైలు తిన్నగా రాముడి ఊళ్ళో ఆగుతుంది. మా నాన్న ఉంటే సంతోషంతో ఏడ్చేవాడు. నాకూ సంతోషమే, ఆ అడవి లోపలి ఊళ్ళ వాళ్ళకి ఆసుపత్రి దగ్గరవుతుంది. కానీ ఆ రోజున కొత్తగూడెంలో యాత్రికుడు రాత్రి ఆగాల్సిన పని ఉండదు. ఇప్పటికే బస్సులూ కార్లూ ఆ పని చాలామటుకు చేసేశాయి.

కాబట్టి పట్టాలు పడేలోపే ఒక పని చెయ్యమని రైల్వేవాళ్ళకి, దేవస్థానం వాళ్ళకి, మీలో ఎవరన్నా అధికారులైతే మీకూ చెబుతున్నాను. డోర్నకల్ నుంచి కొత్తగూడెం దాకా, ఇల్లెందు కొమ్మ మీద కూడా, నిలబడి ఉన్న పాత రైల్వే ఇళ్ళూ గోదాములూ ఏమున్నాయో ముందు లెక్క రాయండి. పెంకులు మార్చండి, తలుపులకి గడియలు పెట్టండి, ఆడవాళ్ళ వైపు మంచి స్నానపు గదులు కట్టండి. అందులో మంచాలు వెయ్యండి. అద్దె బస్సు టికెట్‌కి మించి ఉండకూడదు. సింగిల్ రూములు ఓ నాలుగు పెట్టండి, మిగిలినదంతా పెద్ద హాలుగా వదిలెయ్యండి, నలుగురూ కలిసి పడుకునేటట్టు. బుకింగ్ లేకుండా రాత్రి పదింటికి మూటతో వచ్చినవాణ్ణి కూడా లోపలికి రానివ్వాలి. వంటకి దగ్గరి గూడెం వాళ్ళనే పెట్టండి, జొన్న జావా గోధుమరవ్వ ఉప్మా రెండూ ఉండాలి, ఎవరికి కారం తక్కువో అడిగి గుర్తుపెట్టుకునే మనిషి కావాలి. టిఫిన్ ఆరింటికే పెట్టాలి. ఎనిమిదింటికి పెడితే తొలి బస్సు పోతుంది, స్వామి పొద్దుటి సేవకి అందలేరు.